ధన్‌కి ముందు టక్

ఆగస్టు 3

అత్తా,

చేరాను. నీ షరతు ప్రకారం ఫోను చెయ్యకుండా కాగితం మీదే రాస్తున్నాను. మా క్లాసులో ఇరవై ఎనిమిది మందిమి. పోస్టాఫీసు ఎక్కడని దారిన పోయేవాళ్లని అడిగింది నేనొక్కదాన్నే అయ్యుంటాను. కౌంటరు దగ్గరాయన కవరు తిప్పి చూసి ఉద్యోగం దరఖాస్తా అన్నాడు. కాదండీ, మా మేనత్తకి ఉత్తరం అన్నాను. ఆవిడకి ఫోను లేదా అన్నాడు. ఉంది, దానిమీద నమ్మకం లేదన్నాను.

గది మూడో అంతస్తులో. మంచం జరిపితే తలుపు తెరుచుకోదు, తలుపు తెరిస్తే కుర్చీకి చోటుండదు. కిటికీకి ఎదురుగా ఒక గోడ, దాని మీద నీళ్ల గొట్టం. అయినా నాదే గది. మొదటిసారి.

కోర్సు గురించి అడిగావు. పేరు ఎంటర్‌ప్రెన్యూర్‌షిప్, ఇన్నోవేషన్. నువ్వు తెలుగులో చెప్పమని వెంటపడతావు కాబట్టి నిఘంటువు చూసి రాస్తున్నాను: వ్యవస్థాపకత, నవకల్పన. ఒక కొత్త ఆలోచనని పనికొచ్చే వస్తువుగానూ, ఆ వస్తువుని ఒక సంస్థగానూ ఎలా మార్చాలో రెండేళ్లు నేర్పుతారు. మొదటి రోజే మా మేడం, మీ ఆలోచన నాకు చెప్పొద్దు, ఎవరి బాధ తీరుస్తారో చెప్పండి అంది. ఒక్కొక్కరం వెళ్లి బోర్డు మీద ఒక్క వాక్యం రాయాలి. ఒకడు జుట్టు రాలడం గురించి రాశాడు. ఒకమ్మాయి ఇంట్లో ఒంటరిగా ఉండే కుక్కల గురించి. నేను రాసింది ఇది: "కాగితం కోసే మిషను దగ్గర మనిషి తోడు కట్టుకోవడం మర్చిపోతాడు."

తోడు అంటే ఏమిటన్నారు. చెప్పాను. మా నాన్న బైండింగు షాపులో కటింగు మిషను నడిపేవాడు, రెండు మణికట్లకీ తోలు పట్టీలు కట్టుకునేవాడు, ఆ పట్టీల తాళ్లు పైన కప్పీల మీదుగా మిషను దవడకి కట్టి ఉండేవి, కాగితాలని అదిమే ఆ దవడ దిగడం మొదలవగానే తాళ్లు బిగిసి చేతుల్ని వెనక్కి లాగేసేవి, ఆ తర్వాతే కత్తి పడేది. అది ఆయనే చేశాడు, బైండింగులో మిగిలిన తోలు ముక్కలతో. షాపులో అందరూ దాన్ని తోడు అనేవాళ్లు. ఒక్కరోజు కట్టుకోవడం మర్చిపోయాడు. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు.

మేడం నా వాక్యం కింద రెండు గీతలు గీసింది.

ఆ పట్టీలు నీ ఇనప్పెట్టెలో ఉన్నాయని నాకు తెలుసు. చిన్నప్పుడు ఒకసారి పెట్టె తెరవబోతే నా వీపు చిట్లగొట్టావు. పంపించు అత్తా. కొలతలు తీసుకుని భద్రంగా తిరిగి పంపేస్తాను.

నీ కొసరు

ఆగస్టు 11

కొసరుకి,

నీ ఉత్తరం షాపులో, కుట్టు బల్ల దగ్గర, మేనేజరు చూస్తుండగానే చదివాను. చదవనీ అన్నట్టు ఊరుకున్నాడు. కార్మిక సంఘం కార్యదర్శిని కదా, నేను కాగితం చదువుతుంటే వాడికి ఎప్పుడూ గుండె దడే, అందులో ఏముందో తెలియదు కదా.

నీకు నేను ఉత్తరాలే రాయమనడం చాదస్తం కాదు. ఈ షాపు యజమాని ముప్ఫై ఏళ్లలో నోటితో ఇచ్చిన మాటల్లో ఒక్కటి కూడా మర్నాటికి ఆయనకి గుర్తులేదు. రాసిచ్చినవి మాత్రం గుర్తున్నాయి. మాటకి సాక్షి ఉండడు, కాగితానికి కాగితమే సాక్షి. రేపు ఆ ఊళ్లో నువ్వు మారిపోతే, నువ్వేం రాశావో తీసి నీకే చూపిస్తాను.

ఇక నీ చదువు. వ్యవస్థాపకత. అంటే వ్యవస్థని స్థాపించడమా? ఇక్కడ మేము ఉన్న వ్యవస్థ ఎప్పుడు పడుతుందా అని కాచుక్కూచుంటే, నువ్వెళ్లి ఇంకోటి నిలబెట్టడం నేర్చుకుంటున్నావా? సరే, నవ్వుకున్నాను. చదువు చదువే. ఒక్క విషయం మీ మేడాన్ని అడుగు. పాతికమంది చేత ఇరవై ఐదేళ్లు సొంత బుర్రలతో పని తేలిక చేయించుకుని, ఆ తేలికంతా ఎక్కువ ఫారాలు, అంటే అచ్చు కాగితాలు, కోయించడానికి వాడుకున్న యజమానిని ఏమంటారు? మీ పుస్తకాల్లో వాణ్నేగా వ్యవస్థాపకుడంటారు? మరి తోలు ముక్కలేరి తోడు చేసినవాణ్ని ఏమంటారు? ఆ పదం ఏ నిఘంటువులో ఉందో చూసి రాయి.

పట్టీలు లేవు. ఎలుకలు కొట్టేశాయి.

షాపు సంగతులు: కటింగు మిషనుకి ఉన్న విద్యుత్ కన్ను పాడై ఎనిమిది నెలలు. చెయ్యి అడ్డొస్తే కత్తి ఆగాలి, అదీ దాని పని. ఇప్పుడు మాటిమాటికీ ఉత్తినే ఆగిపోతోందని మేనేజరు ఒక తీగ వేసి దాని కళ్లు మూయించాడు. కొత్తగా చేరిన పిల్ల, ఇరవై రెండేళ్లది, ఒత్తు జుట్టు పిల్ల, ఆ కత్తి కింద ఉత్త చేతులతో కాగితం సర్దుతోంది. నేను నాలుగు అర్జీలు పెట్టాను. అయిదోది రాస్తున్నాను. జిగురాయన నిన్ను అడిగినట్టు రాయమన్నాడు. ఎప్పటిలాగే మోచేతుల దాకా జిగురుతో ఉన్నాడు.

వేళకి తిను.

అత్త
(సంఘం ముద్ర వెయ్యలేదు. ఇది సొంత ఉత్తరం.)

సెప్టెంబరు 2

అత్తా,

ఎలుకలు తోలు కొడతాయి సరే, ఇత్తడి బకిళ్లు కూడా కొట్టేశాయా? పోనీలే. నువ్వు కోపంలో ఉన్నావని అర్థమైంది. ఎందుకో మాత్రం అర్థం కాలేదు.

గుర్తున్నంత వరకు నేనే చేశాను. ఇక్కడ కింద అంతస్తులో ఒక వర్క్‌షాపు ఉంది, పిల్లలు ఏదైనా చేసుకోవచ్చు. పాత కటింగు మిషను ఒకటి తెచ్చిపెట్టారు, కత్తి తీసేసి చెక్క బద్ద బిగించారు. కప్పీలు, తాళ్లు, పట్టీలు. మూడు వారాలు పట్టింది. నిన్న మధ్యాహ్నం మొదటిసారి కట్టుకుని మీట నొక్కాను.

అత్తా, నీకు ఆ చప్పుడు గుర్తుందా? నేను మర్చిపోయాననుకున్నాను. బడి వదలగానే షాపుకొచ్చి నీ బల్ల కింద కూర్చునేదాన్ని కదా, అక్కడికి వినపడేది. తాడు బిగిసి చేతులు వెనక్కొచ్చేటప్పుడు బకిలు బల్ల అంచుకి తగిలి, టక్. తర్వాత కత్తి, ధన్. టక్, ధన్. నిన్న వర్క్‌షాపులో టక్ అనగానే నేను వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. ఉంటారని ఎందుకనుకున్నానో తెలియదు. కానీ భుజం వెనక, చెయ్యి చాపితే తగిలేంత దగ్గర్లో, ఎవరో జరిగి నిలబడ్డట్టు అనిపించింది. అప్పటినుంచీ అదేపనిగా నొక్కుతున్నాను. ఒకసారి అనిపిస్తుంది, నాలుగుసార్లు అనిపించదు.

చిన్న చిన్న ప్రెస్సులు పద్దెనిమిది తిరిగాను. పదమూడింట్లో ఏ రక్షణా లేదు. మేడం ఒక సలహాదారుడికి పరిచయం చేసింది, మిషన్లు తయారుచేసే పెద్ద సంస్థలో పనిచేసి వచ్చిన మనిషి. ఆయనకి బాగా నచ్చింది. పట్టీలో ఒక చిన్న పరికరం పెడదామన్నాడు. మనిషి కట్టుకోకపోతే ఎర్ర దీపం వెలుగుతుంది. అంతేకాదు, ఎవరు ఏ పూట కట్టుకున్నారో, ఎవరు మర్చిపోయారో అదే రాసిపెడుతుంది. పాత సంస్థ వాళ్లే హక్కులు తీసుకుని వేల సంఖ్యలో చేస్తారట. నాన్న రోజున ఆ ఎర్ర దీపం ఉంటే, అనుకున్నాను. ఒక్క దీపం, అత్తా.

నీ కొసరు

సెప్టెంబరు 10

కొసరూ,

కూర్చుని నిదానంగా చదువు. నేను నిదానంగా రాయడం లేదు.

వెయ్యి షాపుల్లో నీ దీపం పెట్టించావనుకో. ఒక షాపులో మేనేజరు తొందర చేస్తాడు. తోడు కట్టుకుంటే ఫారం ఫారానికీ రెండు క్షణాలు ఆలస్యం, తీసెయ్యి అంటాడు, నోటితో. తీసేస్తారు. చెయ్యి పోతుంది. ఇన్‌స్పెక్టరొస్తాడు. కత్తిని చూస్తాడా? మేనేజరు నోరు చూస్తాడా? నీ పట్టీ రాసిన చీటీ చూస్తాడు. "కట్టుకోలేదు." కేసు మూసేస్తాడు. జాగ్రత్తని పనివాడి మణికట్టుకి కడితే, తప్పు కూడా అక్కడే కడతారు. మీ సలహాదారుడికి ఇది తెలియదనుకుంటున్నావా? ఆయనకి నచ్చింది సరిగ్గా ఇదే.

చేతుల్ని కత్తి నుంచి లాగెయ్యడం కాదు, చేతులున్నచోట కత్తి పడకుండా చెయ్యడం యజమాని బాధ్యత. ఈ మాట నేను పద్నాలుగేళ్ల క్రితమే అన్నాను, మీటింగులో, అందరి ముందూ. ఇప్పటికీ అంటాను. ఆ మాటలో తప్పేమీ లేదు.

ఇంకొకటి. "మర్చిపోతాడు" అని బోర్డు మీద రాశావు. తమ్ముడు అన్ని ఫారాల కొలతలూ కాగితం చూడకుండా చెప్పేవాడు. నువ్వు పుట్టిన ఘడియ, నీకు తట్టు పోసిన తారీఖు, నా చెప్పుల సైజు, జిగురాయన పెళ్లిరోజు కూడా వాడికి గుర్తుండేవి. వాణ్ని ఊరూరా మతిమరుపు మనిషిగా నిలబెట్టకు. ఇది నా మాటగా రాసిపెట్టుకో.

పట్టీలు అప్పట్లో పోలీసులు పట్టుకెళ్లారు. ఇంక అడక్కు.

నువ్వు టక్ విన్నానన్నావు. నాకు ఇక్కడ రోజంతా ధన్ ఒక్కటే వినపడుతుంది. కుట్టు బల్ల నుంచి కటింగు మిషను పన్నెండడుగులు. ప్రతి ధన్‌కీ ముందు, టక్ రావలసిన చోట, నా ఎడం చెయ్యి దానంతటదే వెనక్కి లాక్కుంటుంది. సూది వంకర పోతుంది. పద్నాలుగేళ్లుగా నా కుట్టు వంకరే. నరాల జబ్బని డాక్టరన్నాడు. అననీ.

అత్త

అక్టోబరు 1

అత్తా,

మొదట ఎలుకలు, తర్వాత పోలీసులు. ఇంకో ఉత్తరం రాస్తే దొంగలు వస్తారేమో. కాగితమే సాక్షి అన్నది నువ్వే. నీ రెండు కాగితాలూ నా బల్ల మీద పక్కపక్కన ఉన్నాయి.

నీకు నా చదువు నచ్చలేదు, అంతే కదా. సంఘంలో పుట్టి పెరిగిన పిల్ల యజమానుల పక్షం చేరిందని. నాన్న చేసిన ఒక్కగానొక్క మంచి వస్తువు నీ పెట్టెలో మురిగిపోయినా ఫర్వాలేదు, నేను దాన్ని పదిమందికి చేర్చకూడదు. మర్చిపోయాడు అనే మాట నేను పుట్టించింది కాదు. చిన్నప్పుడు నువ్వే చెప్పావు, నన్ను ఒళ్లో పెట్టుకుని. రిపోర్టులోనూ అదే ఉంది, నకలు తెప్పించుకున్నాను. కింద సంఘం తరఫున సంతకం నీదే.

దీపం సంగతి ఒప్పందం ఇంకా కాలేదు. నవంబరు 20న మా డిపార్టుమెంటులో ఆవిష్కరణ దినం. ఊళ్లో పెద్దలంతా వస్తారు. ఆ రోజు నాన్న తోడు ఆవిష్కరణ. ఆయన్ని పదిమంది ముందు నిలబెడతాను. ఒప్పందం మీద సంతకం కూడా ఆ రోజే. రావాలనిపిస్తే రా.

కొసరు

అక్టోబరు 9

నా తల్లీ,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో. కోపమంతా నిజమే. నేను పడాల్సిందే.

ఆవిష్కరణ సంగతి అందరికీ చెప్పేశాను. బైండింగు షాపులో కత్తి నడిపిన మనిషికి విశ్వవిద్యాలయం వాళ్లు ఆవిష్కరణ పెడతారని కలలో కూడా అనుకోలేదు. మేం చూసిన ఆవిష్కరణలన్నీ యజమాని తండ్రి విగ్రహానివీ, యజమాని మామగారి పటానివీ. తెర లాగడానికి మమ్మల్ని ఎండలో నిలబెట్టేవాళ్లు. జిగురాయన వినగానే చేతులు కడుక్కున్నాడు. ఆయన పనిమధ్యలో చేతులు కడుక్కోవడం నేనెప్పుడూ చూళ్లేదు. పటమా, విగ్రహమా అన్నాడు. పటమే అయ్యుంటుంది, తోడు కట్టుకున్న పటం అన్నాను. తెర ఏ రంగు అన్నాడు. పిల్ల రాయలేదు అన్నాను. అప్పటి వాళ్లందరూ వస్తామంటున్నారు. అప్పట్లో ఫారాలు మడతపెట్టిన మడత ముసలమ్మ, ఇప్పుడు కళ్లు కనపడవు, ఆవిడ కూడా వస్తానంటోంది. తెర లాగిన చప్పుడు వింటుందట.

నేను రాలేను. ఎందుకని అడక్కు, నీకే తెలుస్తుంది.

పార్శిలు పంపుతున్నాను. పెట్టె ఊడదీసి అడుగునుంచి తీశాను. ఎలుకలు కొట్టలేదు, పోలీసులు పట్టుకెళ్లలేదు. కత్తి దగ్గర పనిచేసిన నలుగురికీ తమ్ముడు చేసినవి, నాలుగు జతలూ ఉన్నాయి. అన్నీ చూడు. వాటికి కట్టి ఉన్నదేదీ పారెయ్యకు.

రెండొందల కరపత్రాలు రాసిన చెయ్యి ఇది. ఇంతకుమించి రాయడం లేదు.

అత్త

అక్టోబరు 18

అత్తకి,

పార్శిలు అందింది. నాన్న పట్టీకి ఒక చీటీ కట్టి ఉంది. నీ చేతిరాత: "సంఘం తీర్మానం ప్రకారం తోడు నాలుగు జతలూ విప్పి స్వాధీనం చేసుకోవడమైనది. గడువు ఏడు రోజులు. కార్యదర్శి." తారీఖు నాన్న పోయిన దానికి మూడు రోజుల ముందుది.

ఏమిటిది?

అక్టోబరు 24

కొసరూ,

రాస్తున్నాను.

ఆ ఏడాది విద్యుత్ కన్ను కోసం పోరాడుతున్నాం. యజమాని ఏమన్నాడో తెలుసా? మీకు తోడుంది కదా, ఇంకా కన్నెందుకు అన్నాడు. నా ఒళ్లు మండింది. మీటింగు పెట్టాను. బల్ల ఎక్కి మాట్లాడాను. మన ప్రాణం మనమే ఉచితంగా కాపాడుకుంటుంటే వాడెందుకు కొంటాడు, మనం తోలు ముక్కలు ఏరుకున్నంత కాలం వాడి బాధ్యత మన మణికట్ల మీదే ఉంటుంది, ఒక్క వారం తోడు విప్పి చూపిద్దాం, ఇన్‌స్పెక్టర్ని పిలుద్దాం, ఉత్త చేతులతో పనెలా చేయిస్తున్నాడో చూపిద్దాం అన్నాను. పని నిదానంగా చేద్దాం, ఎవరికీ ఏమీ కాదు అన్నాను. నేను బాగా మాట్లాడతాను, నీకు తెలుసు. చప్పట్లు కొట్టారు. చేతులెత్తమన్నాను. లెక్కపెట్టాను. పందొమ్మిది. తమ్ముడు ఎత్తలేదు. ఓడినా తీర్మానానికి కట్టుబడ్డాడు. మర్నాడు పొద్దున్నే తనే విప్పి నా చేతికిచ్చాడు. చీటీ రాసి నేనే కట్టాను, ఎవరూ దొంగిలించారనకుండా.

మూడు రోజుల తర్వాత, పొద్దున పదకొండు గంటలకి. అప్పుడు నేను సూదిలో దారం ఎక్కిస్తున్నాను. ధన్ అంది, ముందు ఏమీ లేకుండా. ఆస్పత్రికి తీసుకెళ్లేలోపే నెత్తురంతా పోయింది.

తర్వాతది ఇంకా నీచం. ప్రమాదం రిపోర్టులో "మరపు వల్ల" అని ఇన్‌స్పెక్టరు మనుషులు రాసి తెచ్చారు. తీర్మానం సంగతి బయటపడితే చేతులెత్తిన పందొమ్మిది మందినీ తీసేస్తారు, కన్ను రాదు, వాడు ఊరికే పోయినట్టవుతుంది అని నాకు నేనే చెప్పుకున్నాను. సంతకం పెట్టాను. మూడు వారాల్లో కన్ను వచ్చింది. అందినట్టు కూడా నేనే సంతకం పెట్టాను. మా డిమాండు నెగ్గింది, కొసరూ. అలా నెగ్గాం.

అందరం నోరు మూసుకున్నాం. నీకు అదే చెప్పాం. ఒక అబద్ధాన్ని పద్నాలుగేళ్లు ఒళ్లో పెట్టుకుని పెంచాను. అది పెరిగి పెద్దదై, పై చదువుకి వెళ్లి, బోర్డు మీద వాక్యం రాసింది. ఇప్పుడు దానికో దీపం కూడా పెడుతున్నారు.

నేను మీటింగులో అన్న మాట ఒప్పు. ఇప్పటికీ ఎవరొచ్చినా వాదించి నెగ్గగలను. నాకు నిద్రపట్టనిది అందుకే. తప్పు మాట అయితే వెనక్కి తీసుకునేదాన్ని.

నువ్వు జవాబు రాయనక్కర్లేదు.

అత్త

నవంబరు 22

అత్తా,

నెలరోజులు రాయలేదు. రాసి చింపినవి ఏడు. అందులో ఉన్నవి నీకు తెలియకపోవడమే మంచిది.

మొన్న ఇరవయ్యో తారీఖు. ముందుగా ఒక మాట. ఆవిష్కరణ అంటే మా దగ్గర తెర లాగడం కాదు, కొత్త వస్తువు కనిపెట్టడం. ఇన్నోవేషన్‌కి తెలుగు పోస్టరు మీద ఆ మాట వేశారు, నేనూ అదే రాశాను. నీ ఉత్తరంలో పటం, తెర అని చదివినప్పుడే దిద్దాల్సింది. చీటీ చూశాక అదంతా తుడిచిపెట్టుకుపోయింది.

నేను వర్క్‌షాపులో నా బల్ల దగ్గర ఉన్నాను. చుట్టూ పాతిక బల్లలు, ఒక్కోదాని మీద ఒక్కో కొత్త వస్తువు, పక్కన కోటు వేసుకున్న పిల్లలు. తలుపులోంచి పదకొండు మంది వచ్చారు. అందరూ ఉతికి ఇస్త్రీ చేసిన బట్టల్లో. ముందు జిగురాయన. చేతులెంత తోమాడో, మోచేతుల దాకా ఎర్రగా కందిపోయి ఉన్నాయి. మడత ముసలమ్మని ఇద్దరు పట్టుకుని నడిపిస్తున్నారు. జిగురాయన నా బల్ల చుట్టూ చూసి నా దగ్గరకొచ్చి మెల్లగా అడిగాడు.

"తెర ఎక్కడమ్మా?"

పొరపాటని చెప్పడానికి నోరు తెరిచాను, అత్తా. చెప్పలేకపోయాను. మేడం బల్ల మీద పరిచిన నీలం గుడ్డ లాగేశాను, దాని మీదున్న గ్లాసు పడి పగిలింది. ఆ గుడ్డ నా మిషను మీద కప్పాను. ఇదిగో అన్నాను. వాళ్లంతా వరసగా నిలబడ్డారు, షాపులో హాజరు వేయించుకునేటప్పటిలా.

నా వంతు వచ్చింది. సలహాదారుడు ఒప్పందం కాగితాలతో ముందు వరసలో కూర్చున్నాడు. వెనక స్క్రీను మీద నా మొదటి వాక్యం వెయ్యాలి, మనిషి మర్చిపోతాడు అనేది. వెయ్యలేదు. అడిగాడాయన, అందరూ వినేలా, మీ నాన్నగారి కథతో మొదలుపెట్టమ్మా, ఆ రోజు ఆయన తోడు కట్టుకోవడం మర్చిపోయారు కదా అని.

"మర్చిపోలేదండీ. నమ్మాడు" అన్నాను.

ఎవర్ని అన్నాడు. జిగురాయన గుడ్డ అంచు పట్టుకుని ఉన్నవాడు అక్కణ్నుంచే చెప్పాడు, మమ్మల్ని అని. తీర్మానం సంగతంతా చెప్పాడు, నీ పేరు లేకుండా, మేము మేము అంటూనే. తర్వాత గుడ్డ లాగాడు. నేను నాన్న పాత పట్టీలు, నువ్వు పంపినవే, కట్టుకుని మీట నొక్కాను. టక్. మడత ముసలమ్మ గట్టిగా ఏడ్చింది.

నేను వాళ్లకి చెప్పింది ఇంతే. మీ పరికరం ఆ రోజు ఉండుంటే "కట్టుకోలేదు" అని రాసేది. అది నిజమే. దాంతో అంతా అయిపోయేది. అందుకని ఆ పరికరం నేను పెట్టను. ఒప్పందం వద్దు. తోడు కొలతలు, బొమ్మలు ఒక కాగితం మీద వేసి ఉంచాను, ఎవరికి కావాలన్నా తీసుకుని చేసుకోవచ్చు, ఎవరి హక్కూ లేదు. సలహాదారుడు లేచి వెళ్లిపోయాడు. వ్యాపారం ఏదమ్మా ఇందులో అని మేడం అడిగింది. తెలియదండీ అన్నాను. మార్కులు రావేమో. వాళ్లు రాయాల్సింది వాళ్లు రాసుకుంటారు.

నువ్వడిగావు కదా, తోలు ముక్కలేరి తోడు చేసినవాణ్ని ఏమంటారని. నిఘంటువులో చూశాను. ఆవిష్కర్త అట.

వెళ్లేముందు జిగురాయన నన్ను పక్కకి పిలిచాడు. ఇది నీకు చెప్పాలో వద్దో రెండు రోజులు ఆలోచించాను. దాచిపెట్టే పని ఇక మనింట్లో చెయ్యొద్దనుకుని రాస్తున్నాను. నాన్న చెయ్యి ఎత్తాడట. అందరికంటే ఆఖర్న. ముందు నీ వైపు చూశాడట, చాలాసేపు. చెయ్యి ఎత్తేసరికి నువ్వు నాన్న ఉన్న వరస లెక్కపెట్టడం అయిపోయి అవతలికి తిరిగావు. మీ అత్త చేతులు లెక్కపెట్టింది గానీ వాడి మొహం చూళ్లేదు అన్నాడు. అంటే పందొమ్మిది కాదు, ఇరవై.

ఇది నీకు ఓదార్పో శిక్షో నాకు తెలియడం లేదు. నాకు నీ మీద ఉన్నది కోపమో కాదో కూడా తెలియడం లేదు. శలవులకి వస్తాను. నీ బల్ల కింద ఇప్పుడు పట్టను. పక్కన కూర్చుంటాను.

కొసరు

నవంబరు 30

కొసరూ,

నీ ఉత్తరం కుట్టు బల్ల దగ్గర చదవలేదు. సంఘం గదిలో తలుపేసుకుని చదివాను.

ఇరవై. మినిట్స్ పుస్తకం తీసి పందొమ్మిది కొట్టేసి ఇరవై అని వేసి, పక్కన ఈనాటి తారీఖు, సంతకం పెట్టాను. దిద్దుబాటుకి సాక్షిగా జిగురాయన వేలిముద్ర వేశాడు. సంతకం వచ్చు ఆయనకి. జిగురు చెయ్యి, వేలిముద్రే బాగా పడుతుందన్నాడు.

వాడు నా వైపు చూశాడన్నావు. ఏం చూశాడో ఇక ఎప్పటికీ తెలియదు. వద్దని చెప్పమన్నాడో, సరేనన్నాడో. మొహం చూసుంటే తెలిసేది. ఇన్నాళ్లూ వాడు ఎత్తని చెయ్యి నన్ను పీడించేది. ఇప్పుడు ఎత్తిన చెయ్యి.

నిన్న మధ్యాహ్నం సర్వసభ్య సమావేశం పెట్టాను. బల్ల ఎక్కలేదు, కిందే నిలబడ్డాను. కొత్తగా చేరినవాళ్లకి కూడా అంతా చెప్పాను. రిపోర్టులో మరపు అన్న మాట తప్పని, ఆ తప్పుకి సంతకం నాదని ఇన్‌స్పెక్టరుకి అర్జీ రాశాను. ఈసారి సంఘం ముద్ర వేశాను. విద్యుత్ కన్ను బాగుచెయ్యమని అయిదో అర్జీ కూడా దాంతోపాటే వెళ్లింది. దీని వల్ల నా కార్యదర్శి పదవి పోవచ్చు. వేరే ఎవర్నైనా ఎన్నుకోమన్నాను. చేతులెత్తమనలేదు. చీటీల మీద రాయమన్నాను.

నీ బొమ్మ చూసి జిగురాయన తోలు కోసి ఒక జత కుట్టాడు. ఒత్తు జుట్టు పిల్లకి నేనే కట్టాను. కన్ను వచ్చేదాకా ఇది, కన్ను వచ్చాక కూడా ఇది అన్నాను. కార్యదర్శిగా చెబుతున్నారా అంది. కాదు, ఒకడి అక్కగా చెబుతున్నానన్నాను. నవ్వింది. అర్థం కాలేదు దానికి.

ఆ చీటీ నీ దగ్గరే ఉంచుకో. నాన్న పట్టీకే కట్టి ఉంచు, విప్పకు. ఎవరైనా తోడు కొలతల కోసం వస్తే ముందు ఆ చీటీ చదివించు.

ఈ పొద్దున నా చోట కూర్చుని సూదిలో దారం ఎక్కించాను. పన్నెండడుగుల అవతల ఆ పిల్ల కాగితం సర్దింది. టక్. తర్వాత ధన్. పద్నాలుగేళ్ల తర్వాత రెండూ వరసలో విన్నాను. ఇక నా చెయ్యి ఊరుకుంటుందనుకున్నాను.

ఊరుకోలేదు. టక్ అన్నప్పుడల్లా వెనక్కి లాక్కుంటూనే ఉంది. ఇప్పుడు మాత్రం ఆ పిల్ల చేతులతో పాటే.

అత్త